కోర్టు హేగ్‌లో, కళ్లెం ఎవరి చేతిలో?

2025 మార్చి 31న 12,500 టన్నుల తెలంగాణ బియ్యంతో కాకినాడ రేవు నుంచి ఓడ ఫిలిప్పీన్స్‌కు బయల్దేరింది. జెండా ఊపింది హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, మంత్రి ఉత్తమ్‌కుమార్ రెడ్డి. బియ్యం మిర్యాలగూడ మిల్లర్లకు బాగా తెలిసిన 1010 రకం. అదే నెల 11న ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తేను మనీలాలో పట్టుకుని హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపారు. ఫిలిప్పీన్స్ 2019లోనే సభ్యత్వం వదులుకుంది కదా అంటారా? సభ్యురాలిగా ఉన్న కాలపు నేరాలకు జవాబు చెప్పాల్సిందే.

ఆ కోర్టులో 18 మంది జడ్జీలు. తొమ్మిదేళ్ల పదవి, రెండోసారి ఎన్నిక ఉండదు. వాళ్లను ఎన్నుకునేదీ, ఏటా బడ్జెట్ పాస్ చేసేదీ, తప్పు చేస్తే ప్రాసిక్యూటర్‌ను ఇంటికి పంపేదీ సభ్య దేశాల సభ. అందరికన్నా ఎక్కువ చందా కట్టేది జపాన్. ఇంత హంగున్నా కోర్టుకు సొంత పోలీసు లేడు. అరెస్టు చేయాల్సింది సభ్య దేశాలే. 2024 సెప్టెంబరులో, వారంట్ ఉండగానే, పుతిన్ మంగోలియాకు వెళ్లి దర్జాగా తిరిగొచ్చాడు. మంగోలియా సభ్య దేశమే! జడ్జీలు ఆ సంగతిని సభకు నివేదించి ఊరుకున్నారు. నన్నడిగితే అసలు కళ్లెం బడ్జెట్ కాదు, ఈ అరెస్టులే.

1998 జులై 17న రోమ్‌లో ఈ కోర్టు ఏర్పాటుకు 120 దేశాలు ఔనన్నాయి, 7 కాదన్నాయి, 21 తటస్థంగా ఉన్నాయి. భారత్ తటస్థం. కేసు పంపడానికి, ఏడాదిపాటు ఆపించడానికి భద్రతా మండలికి అధికారమేమిటన్నది మన పెద్ద అభ్యంతరం. భారత్ ఇప్పటికీ అందులో చేరలేదు; అందుకే సూర్యాపేట లాయరు ఎంతటి ఉద్దండుడైనా అక్కడ జడ్జి కాలేడు. సభ్య దేశపు పౌరుడికే ఆ అర్హత. కోదాడకు తూర్పున, అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పి. చంద్రశేఖరరావు మాత్రం 1996లో హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రిబ్యునల్ జడ్జి అయ్యారు, 1999 నుంచి మూడేళ్లు అధ్యక్షుడిగానూ ఉన్నారు. సముద్ర చట్ట ఒప్పందాన్ని భారత్ 1995లో ఆమోదించింది మరి.

భద్రతా మండలి బెజవాడ రోడ్డుకు కొత్త కాదు. 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంపైకి కదిలిన భారత సైన్యం కోదాడ చేరింది, మర్నాడు సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం సేనలు మూసీ వంతెన కూల్చాయి. 16న పారిస్‌లో మండలి భారత్‌పై నిజాం ఇచ్చిన ఫిర్యాదు చేపట్టింది. 17న నిజాం లొంగిపోయాడు, 22న ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత సైనిక పాలన పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ సాయుధ పోరాట ఖైదీలకు 1949లో ఉరిశిక్షలు వేశాయి. వాళ్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించింది లండన్ బారిస్టర్ డి.ఎన్. ప్రిట్. ఆ శిక్షలను ఖరారు చేసిన హైకోర్టు తీర్పులు రాజ్యాంగం రాకముందువి కనుక అప్పీలు కుదరదంది కోర్టు; 1951లో హెబియస్ కార్పస్ పిటిషన్లనూ కొట్టేసింది. ఉరి మాత్రం అమలు కాలేదు; శిక్షలను యావజ్జీవంగా మార్చారు.