స్టేజి మీద బేస్ గిటార్ ఎందుకు వినిపించదు? ఎలా వినిపించాలి?

పెళ్లి రిసెప్షన్లలో వాయించేవాళ్లయినా, చర్చిలో వాయించేవాళ్లయినా, హైదరాబాద్ పబ్బుల్లో శనివారం రాత్రుళ్లు వాయించేవాళ్లయినా బేస్ గిటారిస్టులు అడిగేది ఎక్కువగా ఒకటే. ఇంట్లో కిటికీ అద్దాలు అదిరేలా మోగిన బేస్ స్టేజి ఎక్కగానే ఎటు పోతుంది? అదే రాత్రి అదే హాల్లో గోడ పక్కన కూర్చున్నవాళ్ల ఫిర్యాదు ఇంకోలా ఉంటుంది: గుమ్‌మని ఒకటే మోత, పాట వినబడలేదు. వాయించేవారికి చాలలేదు, వినేవారికి ఎక్కువైంది. రెండూ నిజమే. అలాంటప్పుడు చాలామంది చేసే పని వాల్యూమ్ పెంచడం. అది దాదాపు ఎప్పుడూ పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. బేస్ వినబడకపోతే ముందు ఎందుకు వినబడటం లేదో కనుక్కోవాలి, ఆ తర్వాతే నాబ్ మీద చెయ్యి వెయ్యాలి.

ఒకేచోట మోత, ఇంకోచోట నిశ్శబ్దం ఎందుకు?

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావైన ‘ఈ’ తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. కాబట్టి ఆ స్వరం ఒక్కో అల పొడవు 8 మీటర్లకు పైనే. ఐదు తీగల బేస్ అయితే ‘బి’ తీగ అల 11 మీటర్లు దాటుతుంది. చిన్న పబ్బు వెడల్పే అంత ఉండదు.

ఇంత పొడవైన అలలు స్పీకర్ ముందుకు మాత్రమే పోవు. కాలువ నీళ్లు రాయి చుట్టూ తిరిగి సాగినట్టు, బాక్సు చుట్టూ తిరిగి వెనక్కీ పోతాయి. వెనక గోడకు తగిలి తిరిగొచ్చి, ముందుకు పోతున్న అలలతో కలుస్తాయి. మీ బాక్సు గోడకు 2 మీటర్ల ముందు ఉందనుకోండి. గోడ దాకా 2 మీటర్లు, తిరిగి 2 మీటర్లు, మొత్తం 4 మీటర్లు ఆలస్యంగా వస్తుంది ఆ అల. 43 హెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం అల. ఒకటి పైకి లేస్తున్నప్పుడు రెండోది కిందికి దిగుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీ ‘ఈ’, ‘ఎఫ్’ స్వరాలు బక్కచిక్కిపోతాయి. ఇలా రద్దయిన స్వరాన్ని ఈక్వలైజర్‌లో పెంచి తీసుకురాలేరు. ఎంత పెంచితే గోడ నుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది. బాక్సును గోడకు దాదాపు ఆనించి పెట్టడమే దీనికి మందు. అప్పుడు రద్దయ్యే స్వరం 300 హెర్ట్జ్ దాకా పైకి పోతుంది. అక్కడ బాక్సు శబ్దం ఎక్కువగా ముందుకే వెళ్తుంది కాబట్టి నష్టం తక్కువ. పైగా గోడ కింది స్వరాలకు బలమిస్తుంది.

గది కూడా తన సొంత స్వరాలు మోగిస్తుంది. 7 మీటర్ల వెడల్పున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య 49 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుంది. అది మీ ‘జి’ స్వరం, లావు తీగ మీద మూడో ఫ్రెట్. గోడల పక్కన, గది నడిమధ్యన అది ఢమఢమలాడుతుంది. గోడకు మీటరు ముప్పావు దూరంలో దాదాపు ఏమీ వినబడదు. మీరు నిలబడింది అక్కడే అయితే ‘జి’ వినబడటం లేదని పెంచుతారు, గోడ పక్కనున్నవాళ్లు చెవులు మూసుకుంటారు. మొదట్లో చెప్పిన రెండు ఫిర్యాదులూ ఒకే రాత్రి రావడానికి అసలు కారణం ఇదే.

ఎలా సరిచేయాలి? సౌండ్ చెక్‌లో పాట వాయించే ముందు లావు తీగ మీద ‘ఈ’ నుంచి ‘ఏ’ వరకు ఒక్కో ఫ్రెట్టూ ఒకే బలంతో వాయించండి. పొడవాటి కేబుల్ ఉంటే వాయిస్తూ హాల్లో నడవండి, లేదా బ్యాండ్‌లో ఇంకొకరికి గిటార్ ఇచ్చి మీరు నడవండి. ఏ స్వరం గుమ్మంటుందో అదొక్కదాన్నే మిక్సర్‌లో సన్నగా తగ్గించమనండి. తగ్గిన స్వరాలను పెంచమనకండి. ఈ చిన్న పని వల్ల వచ్చే తేడా కొత్త యాంప్ కొన్నా రాదు.

ఇంట్లో బాగున్న టోన్ బ్యాండ్‌లో ఎందుకు కలిసిపోతుంది?

మన చెవి అన్ని స్వరాలనూ సమానంగా వినదు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మున్సన్ 1933లో దీన్ని కొలిచి చూపించారు. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు కింది స్వరాలు మనకు బాగా తక్కువగా వినిపిస్తాయి, పెద్దదైన కొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. ఇంట్లో చిన్నగా వాయిస్తూ మనం బేస్ నాబ్ పెంచుతాం, ట్రెబుల్ పెంచుతాం, మిడ్ తగ్గిస్తాం. వినడానికి తియ్యగా ఉంటుంది. అదే సెట్టింగ్‌తో స్టేజి మీద గట్టిగా వాయిస్తే కింద మోత రెండింతలుగా తోస్తుంది. ఆ మోతను డ్రమ్స్ కిక్ మింగేస్తుంది, పైన ట్రెబుల్‌ను సింబల్స్ మింగేస్తాయి. స్వరం ఏదో పోల్చుకునే మధ్య భాగాన్ని మీరే తీసేశారు.

ఇక్కడొక అందమైన సంగతి ఉంది. పాతకాలపు ట్రాన్సిస్టర్ రేడియోలో అరచేతి కన్నా చిన్న స్పీకర్ ఉండేది. అది 41 హెర్ట్జ్‌ను పలికించలేదు. అయినా ఇళయరాజా పాటల్లో బేస్ నడకను మనవాళ్లు ఆ రేడియోల్లోనే విని నేర్చుకున్నారు. ఎలా? తీగ 41 దగ్గరే కాకుండా 82, 123, 164 దగ్గర కూడా మోగుతుంది. ఆ పై స్వరాలు అందితే చాలు, లేని కింది స్వరాన్ని మన మెదడే నింపుకుంటుంది. జనానికి మీ బేస్ అర్థమయ్యేది ప్రధానంగా ఈ పై స్వరాల వల్లే.

అందుకని స్టేజి ఎక్కేటప్పుడు నాబ్‌లన్నీ నడిమధ్యకు తెండి. 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొద్దిగా పెంచండి. 30, 40 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని హై పాస్ ఫిల్టర్‌తో తీసేయండి. అక్కడ సంగీతం తక్కువ, స్టేజి అదురు, చేతి తాకిడి ఎక్కువ. ఒంటరిగా వింటే ఈ టోన్ కాస్త ముక్కుతో పాడినట్టు ఉంటుంది. భయపడకండి. బ్యాండ్ మొదలయ్యాక అది తన చోట కూర్చుంటుంది.

మన ఆర్కెస్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. కీబోర్డులో స్టైల్ వేసినప్పుడు అందులో బేస్ ట్రాక్ కూడా మోగుతుంది, మీ బేస్‌తో కలిసి అంతా బురదవుతుంది. ప్రోగ్రాంకి ముందే “అన్నా, స్టైల్లో బేస్ ఆపేస్తారా? అది నేను వాయిస్తాను” అని మర్యాదగా అడగండి. స్టైల్ లేకపోయినా ఎడమచేతి కింది స్వరాలు తగ్గించమని కోరండి. ప్యాడ్స్ వాయించేవారితో కిక్ శబ్దం గురించి కూడా ఇలాగే మాట్లాడండి. ఒకరు 60 దగ్గర ఉంటే ఇంకొకరు 100 దగ్గర ఉండాలి. ఇద్దరూ ఒకేచోట కూర్చుంటే ఎవరూ వినబడరు.

ఎన్ని వాట్లు కావాలి?

ఆంపెగ్ కంపెనీ 1969లో ఎస్‌వీటీ అనే బేస్ యాంప్ తెచ్చినప్పుడు దానికి 300 వాట్లు ఇచ్చింది. ఆ రోజుల్లో హాలు స్పీకర్లలో ఎక్కువగా పాడేవారి గొంతే వచ్చేది, బేస్ గిటారిస్టు తన బాక్సుతోనే మైదానమంతా నింపాలి. ఇప్పుడు బేస్ హాలు స్పీకర్లలోకి నేరుగా పోతుంది. మీ యాంప్ పని మీకూ డ్రమ్మర్‌కూ వినిపించడం వరకే.

వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. రెండింతలు గట్టిగా ఉన్నట్టు తోచాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల వాట్లు. 300 వాట్ల యాంప్ అమ్మి 500ది కొంటే జేబుకు తెలిసినంత చెవికి తెలియదు. అదే డబ్బుతో మంచి స్పీకర్ బాక్సు కొనండి. ఓమ్స్ మాత్రం చూసుకోండి. 8 ఓమ్స్ బాక్సులు రెండు కలిపితే యాంప్‌కు 4 ఓమ్స్ అవుతుంది, మూడు కలిపితే 2.7కి పడిపోతుంది. కనీసం 4 అని రాసున్న యాంప్‌కు మూడోది తగిలించకండి.

స్వరాన్ని పోల్చుకునే మధ్య శబ్దం పైకి పోయేకొద్దీ ముందుకే తిన్నగా పోతుంది. బాక్సు నేల మీద ఉంటే అది మీ మోకాళ్లను దాటిపోతుంది. గట్టి కుర్చీ మీద పెట్టండి, లేదా ముందువైపు ఎత్తు పెట్టి మీ తలవైపు వాలేలా చేయండి. బోలు చెక్క స్టేజి అయితే కింద మందపాటి ఫోమ్ వేయండి, స్టేజి కూడా స్పీకర్‌లా మోగడం తగ్గుతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కయ్యో తెచ్చిన యాంప్ చాలా ఇళ్లల్లో ఉంది. వెనక 100–240 అని రాసుంటే ఇబ్బంది లేదు. 120 వోల్ట్స్ అని మాత్రమే ఉంటే ఉత్త ప్లగ్ అడాప్టర్‌తో మన 230లో పెట్టకండి, కాలిపోతుంది. దాని వాట్లకు తగ్గ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి.

డీఐ బాక్సు ఎందుకు?

బ్యాటరీ లేని బేస్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైనది. దాన్ని మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో నేరుగా గుచ్చితే ఆ ఇన్‌పుట్ సిగ్నల్‌ను లాగేస్తుంది, పై స్వరాలు చచ్చిపోతాయి. పొడవాటి కేబుల్ అయితే ఇంకా పోతాయి, హమ్మింగ్ తోడవుతుంది. డీఐ బాక్సు గిటార్‌కు భారం కాకుండా సిగ్నల్ తీసుకుని, ఎంత దూరమైనా పోగల మైక్ సిగ్నల్‌గా మార్చి పంపుతుంది. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ గిటారిస్టు జేమ్స్ జేమర్సన్ బేస్‌ను ఇలా నేరుగానే రికార్డు చేశారు.

బ్యాటరీ లేని బేస్‌కు యాక్టివ్ డీఐ, బ్యాటరీ ఉన్న బేస్‌కు పాసివ్ డీఐ అయినా సరిపోతుంది. చాలా యాక్టివ్ డీఐలకు మిక్సర్ నుంచి 48 వోల్ట్స్ ఫాంటమ్ పవర్ కావాలి, మిక్సర్ దగ్గరున్నాయనకు ముందే చెప్పండి. సౌండ్ వాళ్లు తెస్తారులే అనుకోకండి, మీ సొంతది ఒకటి సంచిలో ఉంచుకోండి. యాంప్‌లో డీఐ ఉంటే ‘ప్రీ’లో పెట్టండి. అప్పుడు స్టేజి మీద మీ నాబ్‌లు మీరు తిప్పుకున్నా హాల్లో శబ్దం మారదు.

హమ్మింగ్ ఎందుకు వస్తుంది?

మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో కింది ‘జి’ 49, సన్న తీగ ‘జి’ 98. అంటే కరెంటు గుయ్‌మనే శబ్దం, దాని రెట్టింపు 100, రెండూ కాస్త శ్రుతి ఎక్కిన ‘జి’ల్లా మీ సంగీతం మధ్యలోనే కూర్చుంటాయి. మిగతా వాద్యాల కన్నా బేస్‌కు ఈ జబ్బు ఎక్కువ బాధ పెట్టేది అందుకే.

కారణం కనుక్కోవడానికి మూడు పరీక్షలు చేయండి. మీరు నిలబడ్డ దిక్కు మారితే శబ్దం మారుతోందా? అయితే పికప్ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌నో లైట్ల డిమ్మర్‌నో పట్టుకుంటోంది, దూరం జరగండి. తీగలు ముట్టుకుంటే తగ్గుతోందా? గిటార్ లోపల షీల్డింగ్ చాలలేదు, తీరిగ్గా చేయించుకోవచ్చు. యాంప్, మిక్సర్ రెండూ కలిపినప్పుడే వస్తోందా? అది గ్రౌండ్ లూప్. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి, వీలైతే రెండింటికీ కరెంటు ఒకేచోట నుంచి తీసుకోండి.

హమ్మింగ్ పోతుందని ప్లగ్ మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, ఎవరైనా తీస్తుంటే ఆపండి. యాంప్‌లో లోపం వస్తే మీ ప్రాణాన్ని కాపాడేది ఆ ఎర్త్ ఒక్కటే. మీ చేతిలో తీగలు, పెదవుల దగ్గర మైకు, రెండింటి మధ్య మీరు. స్టోన్ ద క్రోస్ బృందంలో గిటారిస్టు లెస్ హార్వీ 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజి మీద జనం చూస్తుండగా ఎర్త్ లేని మైకు ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయారు. షామియానా కింద, జనరేటర్ కరెంటు మీద వాయించేటప్పుడు చిన్న సాకెట్ టెస్టర్‌తో ఎర్త్ చూసుకున్నాకే ప్లగ్ పెట్టండి. ఎర్త్ లేదంటే వాయించనని చెప్పడం అహంకారం కాదు.

సంచిలో ఏముండాలి?

బ్యాటరీ ఉన్న (యాక్టివ్) బేస్ అయితే కొత్త 9 వోల్ట్స్ బ్యాటరీ. జాక్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి వాయించడం అయ్యాక పీకేయండి. ఇంకో కేబుల్. యాంప్ నుంచి బాక్సుకు గిటార్ కేబుల్ వాడకండి, లోపలి తీగ సన్నం, వేడెక్కుతుంది. ట్రస్ రాడ్‌కు సరిపోయే అలెన్ కీ. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించగానే పొడి గుడ్డతో తుడవండి. ఏసీ హాల్లో శ్రుతి చేసిన గిటార్ బయట పందిట్లోకి తెస్తే మళ్లీ శ్రుతి చూసుకోవాలి.

చెవుల సంగతి?

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. బేస్ గిటారిస్టు నిలబడేది డ్రమ్మర్ సింబల్ పక్కనే, మూడు గంటల ప్రోగ్రాం. చెవి లోపలి వినికిడి కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. దూది పెట్టుకుంటే పై స్వరాలే పోయి, బేస్ మరీ ఎక్కువై, మీరే తప్పుగా వాయిస్తారు. అన్ని స్వరాలనూ సమానంగా తగ్గించే సంగీతకారుల ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. వచ్చే ప్రోగ్రాం డబ్బుతో పెడల్ కొనేముందు వాటిని కొనండి.