వైమార్ జర్మనీ: కూలిన మంత్రివర్గాలను లెక్కపెడితే సరిపోదు

వైమార్ రిపబ్లిక్ ప్రస్తావన వస్తే ముందుగా వినిపించే లెక్క ఇది: 1919 ఫిబ్రవరి నుంచి 1933 జనవరి దాకా 20 మంత్రివర్గాలు, 12 మంది ఛాన్సలర్లు. ఒక్కో ప్రభుత్వం సగటు ఆయుష్షు ఎనిమిదిన్నర నెలల లోపే. నాలుగేళ్ల గడువు పూర్తిచేసుకున్న పార్లమెంటు ఒక్కటీ లేదు. యుద్ధంలో ఓడిన దేశంలో పుట్టిన ప్రజాస్వామ్యం బతికి బట్టకట్టకపోవడానికి ఈ గందరగోళమే కారణమని చాలామంది తేల్చేస్తారు.

లెక్క సరైనదే, తీర్పే తొందరపాటు. ఛాన్సలర్లు మారినా ముఖ్యమైన శాఖలు అంత తేలిగ్గా చేతులు మారలేదు. స్ట్రెసెమాన్ 1923 ఆగస్టు నుంచి 1929 అక్టోబరులో చనిపోయేదాకా విదేశాంగ మంత్రిగానే ఉన్నాడు. కార్మిక శాఖను బ్రౌన్స్ ఎనిమిదేళ్లు చూశాడు. పొరుగున ఫ్రాన్స్‌లోనూ ఆ రోజుల్లో ప్రభుత్వాలు ఇలాగే పడిపోయేవి. అయినా అక్కడి రిపబ్లిక్ 1940లో జర్మన్ సైన్యం వచ్చిపడేదాకా నిలిచింది.

కాబట్టి ముందు ఓట్లు చూడాలి. 1919 జనవరి ఎన్నికల్లో రిపబ్లిక్‌ను కోరుకున్న మూడు పార్టీలకు (సోషల్ డెమోక్రాట్లు, కాథలిక్ సెంటర్ పార్టీ, ఉదారవాద డెమోక్రాట్లు) కలిపి 76 శాతం ఓట్లు పడ్డాయి. 1920 జూన్‌లో అవి 44 శాతానికి దిగాయి. ఆ మధ్య 17 నెలల్లో వెర్సాయ్ ఒప్పందం దేశ భూభాగంలో 13 శాతం తీసుకుపోయింది, సైన్యాన్ని లక్ష మందికి కుదించింది. ప్రభుత్వాన్ని కూలదోయబోయిన కాప్ ముఠా కొద్దిరోజులు బెర్లిన్‌ను పట్టుకుంది. సంతకం పెట్టినవాళ్లమీద పడిన నింద యుద్ధం నడిపిన జనరల్స్ మీద పడలేదు. రాజ్యాంగం రాసుకున్న ఆ మూడు పార్టీలకు మళ్లీ ఎన్నడూ కలిసికట్టుగా మెజారిటీ రాలేదు.

నన్ను ఎక్కువగా ఆపే అంకెలు మాత్రం కోర్టులవి. ఎమిల్ గంబెల్ అనే గణాంక శాస్త్రవేత్త 1919-22 మధ్య జరిగిన రాజకీయ హత్యలను ఒక్కొక్కటిగా లెక్కగట్టాడు. మితవాదులు చేసినవి 354. వామపక్షం వాళ్లు చేసినవి 22. మితవాదుల హత్యల్లో 326కు అసలు శిక్షే పడలేదు. శిక్ష పడినచోట సగటు నాలుగు నెలల జైలు. అవతలి పక్షానికి సగటున 15 ఏళ్లు, పైగా పది మరణశిక్షలు. కైజర్ కాలపు జడ్జీలే కుర్చీల్లో కొనసాగారు మరి.

ద్రవ్యోల్బణం కథ అందరికీ తెలిసిందే: 1914లో డాలరుకు 4.2 మార్కులు, 1923 నవంబరులో 4.2 లక్షల కోట్లు. కానీ ఆ ఏడాదిని రిపబ్లిక్ తట్టుకుంది. 1928 ఎన్నికల్లో నాజీలకు దక్కింది 2.6 శాతమే.

అరవై వేల ఓట్లకు ఒక సీటు అన్న దామాషా పద్ధతి కొంపముంచిందని మరో వాదన. నేటి జర్మనీలో ఉన్న 5 శాతం నిబంధన అప్పుడే ఉంటే 1928లో నాజీలు సభకు వచ్చేవాళ్లు కాదు, నిజమే. 1930లో వాళ్లకు 18.3 శాతం వచ్చింది. దాన్ని ఆ గోడ ఆపేదా?

అసలు మలుపు 1930 మార్చిలో వచ్చింది. నిరుద్యోగ బీమా చందా అర శాతం పెంచాలా వద్దా అన్న తగవుతో ఛాన్సలర్ ముల్లర్ సంకీర్ణం చీలిపోయింది. తర్వాత వచ్చిన బ్రూనింగ్‌కు సభ మద్దతు లేదు. ఆర్టికల్ 48 కింద అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకం చేసే ఎమర్జెన్సీ ఆర్డినెన్సులే దిక్కయ్యాయి. 1930లో ఆర్డినెన్సులు 5, సభ చేసిన చట్టాలు 98. మరుసటి ఏడు 44, 34. 1932లో 66, 5. ఆ ఏడాది మొత్తంలో పార్లమెంటు కూర్చున్నది 13 రోజులు. రిజిస్టరైన నిరుద్యోగులు అప్పటికి 60 లక్షలు దాటారు.

1932 జూలైలో గెలిచిన 608 మందిలో నాజీలు 230, కమ్యూనిస్టులు 89. రిపబ్లిక్ వద్దనే ఈ రెండు పక్షాలే కలిపి సగం దాటాయి. ఇద్దరూ కలిసి ప్రభుత్వాన్ని నడపలేరు, నడిచేదాన్ని మాత్రం పడగొట్టగలరు. సెప్టెంబరులో, బ్రూనింగ్ తర్వాత ఛాన్సలరైన పాపెన్‌పై అవిశ్వాసానికి అనుకూలంగా 512 ఓట్లు, వ్యతిరేకంగా 42.

నవంబరులో మళ్లీ ఎన్నికలు. నాజీలు 20 లక్షల ఓట్లు, 34 సీట్లు పోగొట్టుకుని 33.1 శాతానికి జారారు. మూడు నెలలైనా తిరక్కముందే, జనవరి 30న, 85 ఏళ్ల హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించాడు. ఆ మంత్రివర్గంలో హిట్లర్ కాక నాజీలు ఇద్దరే. మిగతా కుర్చీల్లో, అతన్ని చెప్పుచేతల్లో పెట్టుకోగలమనుకున్న పాపెన్, అతని తోటి సంప్రదాయవాదులు కూర్చున్నారు.