మీకు తెలుసా? కీర్తన నెత్తిన రాగం, తాళం

దర్శి ప్రాంతపు చర్చిల్లో బృందంగా పాడేవారికి సంగీత పదాలు వేరే నిఘంటువులో వెతకాల్సిన పని లేదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరవండి: చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ కిందే పల్లవి, అనుపల్లవి, చరణాలు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి కవులు కర్ణాటక సంగీతపు చట్రంలోనే కీర్తనలు కట్టారు మరి! అయినా ఆ పై వరుసను చదవకుండా పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ.

అక్కడ తాళం ‘ఆది’ అని ఉంటే లెక్క 8. అరచేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, తిప్పు, మళ్లీ దెబ్బ, తిప్పు. పాట సరిగ్గా తొలి దెబ్బ మీద మొదలైతే సమం. దెబ్బ పడ్డాక ఎత్తుకుంటే అనాగతం, ముందే ఎత్తుకుంటే అతీతం. బృందగానం చెదిరేది ఎక్కువగా ఈ ఎత్తుగడ దగ్గరే. గొంతు బాగాలేక కాదు.

ఇక బృందంలో వినిపించే సొప్రానో, ఆల్టో (ఆడ గొంతుల్లో పై, కింది స్థాయిలు), టెనర్, బేస్ (మగ గొంతుల్లో అవే) పాశ్చాత్య బృందగానపు మాటలు. చిత్తూరు ప్రాంతంలో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కోయిర్‌తో భారతీయ భాషల పాటలకూ ఆ గొంతుల విభజన పద్ధతి అలవాటు చేశారు.

కొత్తగా చేరేవారు ముందు తాళం పట్టండి, తర్వాతే స్వరం.