వానల ఊరికి బదిలీ అయితే...

రోహిణి కార్తె. ఎండకు రోళ్లు పగిలే రోజులు. అనంతపురంలో ఓ మధ్యతరగతి ఇల్లు. హాల్లో కూలరు రొద పెడుతూ తిరుగుతోంది. బ్యాంకు నుంచి వచ్చిన ఇంటాయన చేతిలో ఓ కాగితం. మంగళూరుకు బదిలీ. పదిహేను రోజుల్లో చేరాలి.

'‘హమ్మయ్య, ఈ ఎండల బాధ తప్పింది'’ అంది భార్య.

'‘అక్కడ రోజూ వాన పడుతుందా నాన్నా?'’ అంటూ గంతులేశాడు ఆరో తరగతి చదివే కొడుకు.

మంచమ్మీద కూర్చున్న జేజి మాత్రం ఇన్‌హేలరు చేతిలో పట్టుకుని, '‘ఆ చెమ్మ నాకు పడుతుందంటావా నాయనా?'’ అని అడిగింది.

ఆయన దగ్గర జవాబు లేదు.

ఈ కుటుంబం మనం ఊహించుకున్నదే. కానీ ఇలాంటి ప్రశ్న ఏటా మన ఇళ్లలో ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటుంది. బ్యాంకు ఉద్యోగికి మంగళూరో, కొచ్చో. రైల్వే ఉద్యోగికి ముంబయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు సియాటిల్. కొత్త ఊరనగానే జీతమెంత, అద్దె ఎంత, స్కూలు ఫీజు ఎంత అని కాగితమ్మీద లెక్కలేస్తాం. వాన సంగతి వచ్చేసరికి '‘ఆఁ... ఓ గొడుగు కొనుక్కుంటే సరి'’ అనుకుంటాం. తీరా వెళ్లాక తెలుస్తుంది, వాన పడేది నెత్తిమీదే కాదనీ, ఇంటి గోడమీదా, బీరువాలోని బట్టలమీదా, ఆవకాయ జాడీమీదా, పెద్దవాళ్ల ఊపిరిమీదా కూడా అనీ!

సెంటీమీటర్లు చెప్పని సంగతి

ముందుగా ఓ చిన్న ప్రశ్న. ఎప్పుడు చూసినా ముసురు పట్టి ఉంటుందని పేరున్న లండన్‌లో ఏడాదికి ఎంత వాన పడుతుంది? సుమారు 60 సెంటీమీటర్లు. దేశంలోనే కరవు సీమగా పేరుపడ్డ మన అనంతపురంలో? సుమారు 55 సెంటీమీటర్లు. నమ్మశక్యంగా లేదు కదూ! తేడా ఎక్కడుందంటే, లండన్‌లో ఆ కాస్త వానా వంద రోజులకు పైగా తుంపరలు తుంపరలుగా పడుతుంది. అనంతపురంలో వాన రోజులు నెలన్నరకు మించవు. మిగతా రోజులన్నీ ఎండే.

సియాటిల్ కూడా అంతే. హైదరాబాద్‌లో ఏడాదికి 80 సెంటీమీటర్లకు పైచిలుకు కురిస్తే అక్కడ దాదాపు 100. పెద్ద తేడా ఏం కాదనిపిస్తుంది. కానీ అక్కడ వాన పడే రోజులు సుమారు 150. అదీ ఎక్కువగా చలికాలంలోనే. డిసెంబరులో పగలు ఎనిమిదిన్నర గంటలే. ఆ కాస్త పగలూ మబ్బు కింద గడిచిపోతుంది. మన ఎండకు అలవాటుపడి వెళ్లినవారిలో కొందరికి అక్కడ ఇబ్బంది పెట్టేది తడి కాదు, వెలుతురు లేకపోవడం. చలికాలపు దిగులు ముదిరితే వైద్యులు ప్రత్యేకమైన దీపం ముందు కూర్చోమని చెబుతారు కూడా.

మరి మంగళూరు? అక్కడి వాన తీరే వేరు. ఏడాదికి సుమారు 350 సెంటీమీటర్లు. అంటే అనంతపురానికి ఆరింతలు! జూన్, జూలై నెలల్లో ఒక్కో నెలలోనే దాదాపు మీటరు వాన పడుతుంది. అనంతపురంలో దాదాపు రెండేళ్లు పడే వాన అక్కడ ఒక్క నెలలో కురుస్తుందన్నమాట. కానీ డిసెంబరు నుంచి మార్చి దాకా వెళ్లి చూడండి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, చినుకు జాడే ఉండదు.

అందుకే కొత్త ఊరి గురించి అడగాల్సింది '‘ఎంత వాన?'’ అని కాదు. ఎన్ని రోజులు పడుతుంది, ఏ నెలల్లో పడుతుంది, ఆ నెలల్లో ఎండ ముఖం కనిపిస్తుందా... ఈ మూడూ అడగాలి. కుటుంబం ఎలా బతుకుతుందన్నది వీటిమీదే ఆధారపడి ఉంటుంది.

కొండకు అటూ ఇటూ

రెండు ఊళ్లూ దక్షిణాదిలోనే ఉన్నాయి. రాత్రి బండెక్కితే చేరుకునేంత దూరమే. మరి వానలో అంత తేడా ఎందుకు? దానికి కారణం మధ్యలో ఉన్న పడమటి కనుమలు. అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చే నైరుతి గాలి ఈ కొండలకు ఢీకొని పైకి లేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ చల్లబడి, మోసుకొచ్చిన నీళ్లన్నీ పడమటి వైపే కుమ్మరిస్తుంది. కొండ దాటి ఇటు దిగేసరికి దానిలో మిగిలేది పొడిగాలే. అనంతపురం ఆ వాననీడలో ఉంది.

ఈ తేడాను ఇళ్లే చెబుతాయి. వాన తక్కువ కాబట్టే రాయలసీమలో చదునైన మట్టి మిద్దెలు కట్టుకున్నారు. మంగళూరు వైపు ఏటవాలు పెంకుటిళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన చూరులు. మంగళూరు పెంకులు దేశమంతా ప్రసిద్ధి కదా. అక్కడ తొలి పెంకుల ఫ్యాక్టరీ 1865లోనే మొదలైంది.

ఇల్లు వెతికేటప్పుడు...

బదిలీలు ఎక్కువగా వేసవిలోనే అవుతాయి. ఇల్లు వెతికేదీ అప్పుడే. ఎండలో చూస్తే ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. అసలు రంగు బయటపడేది జూలైలోనే. కాబట్టి వాన లేనప్పుడు చూసినా వాన ఆనవాళ్లు వెతకాలి.

గది మూలల్లో, కిటికీల కింద, సీలింగు అంచుల్లో నల్లటి మచ్చలున్నాయేమో చూడండి. ఒక్క గోడకే కొత్తగా రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి. తలుపులు మూసి ఉన్న గదిలోకి వెళ్లి వాసన చూడండి. చెమ్మ ఉన్న ఇంటిని కంటికన్నా ముందు ముక్కే పట్టేస్తుంది. నైరుతి గాలి వాన పడమర, దక్షిణ గోడలను బాదుతుంది. పిల్లలూ పెద్దలూ పడుకునే గది అటువైపు లేకుండా ఉంటే మంచిది. బట్టలు ఆరేసుకోవడానికి మేడమీద రేకుల కప్పుందా అన్నది మనకు చిన్న విషయంగా అనిపించొచ్చు. అక్కడివాళ్లకు మాత్రం అది ముఖ్యమైన వసతి.

ఇంటి యజమాని చెప్పని సంగతులు ఆటోడ్రైవరు చెబుతాడు. '‘జోరువానకు ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయి?'’ అని ఇద్దరు ముగ్గుర్ని అడిగితే చాలు. కొండను నిలువుగా తవ్వి కట్టిన ఇళ్ల జోలికి మాత్రం, అద్దె ఎంత తక్కువైనా, పోవద్దు. 2018లో కొడగులోనూ, 2024 జూలై 30న వయనాడ్‌లోనూ కొండచరియలు విరిగిపడి ఎంత నష్టం జరిగిందో చూశాం. పల్లపు ప్రాంతాలకు ముంబయి పాఠం ఉండనే ఉంది. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 94 సెంటీమీటర్ల వాన పడింది.

ఇంకో మాట. చెమ్మ గోడల్లో కరెంటుతో ప్రమాదం. లీకేజీ ఉంటే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే సామాను దించండి.

కూలరు అమ్మేయండి!

అనంతపురం ఇంట్లో ప్రాణం నిలబెట్టిన కూలరు మంగళూరులో ఎందుకూ కొరగాదు. కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. తేమతో నిండిన గాలిలో అది ఉక్కపోతను ఇంకా పెంచుతుంది. మన ఒంటి సంగతీ ఇంతే. అనంతపురంలో 41 డిగ్రీల్లో పట్టిన చెమట ఇట్టే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. మంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో 34 డిగ్రీలే ఉన్నా చెమట ఆరదు. '‘ఎండల బాధ తప్పింది'’ అన్న ఇల్లాలు ఈ తేడాను ముందే తెలుసుకుంటే మంచిది. ఎండ తగ్గుతుంది, ఉక్క పెరుగుతుంది.

ఇంటి పద్ధతులూ కొన్ని మారతాయి. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగైదు అంగుళాలు జరపాలి. పట్టుచీరలను ప్లాస్టిక్ సంచుల్లో కట్టిపెట్టకుండా నూలుబట్టలో చుట్టి, వాన వెలిసినప్పుడల్లా గాలికి ఆరేయాలి. సర్టిఫికెట్లు, కెమెరా వంటివి మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో సహా ఉంచాలి. తోలు చెప్పులు, బూట్లకు నాలుగు నెలలు సెలవే. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అనంతపురంలో క్షమించినా అక్కడి తేమ క్షమించదు, బూజు పట్టి తీరుతుంది. కందిపప్పు, కారం నెలకు సరిపడానే తెచ్చుకోవడం మేలు. వడియాలు, అప్పడాలు పెట్టుకోవాలంటే మార్చిలోపే ఆ పని కానిచ్చుకోవాలి.

ఒంటికి పడుతుందా?

ఇప్పుడు జేజి ప్రశ్నకు వద్దాం. ఆస్తమా ఉన్నవాళ్లకు వానల ఊరు పడుతుందా? ఒక్కమాటలో జవాబు చెప్పలేం. ఎవరికి ఏది పడదన్నదాన్ని బట్టి ఉంటుంది. చెమ్మ ఇంట్లో పెరిగే బూజు, పరుపుల్లో చేరే డస్ట్ మైట్స్ అనే కంటికి ఆనని పురుగులు తేమలోనే వృద్ధి చెందుతాయి. ఇవి పడనివారికి వానాకాలం కష్టమే. పొడిదుమ్ముతో ఆయాసపడేవారికి మాత్రం సీమ దుమ్ము తప్పడం వల్ల కాస్త తెరిపి దొరకొచ్చు. అందుకే బయల్దేరేముందు చూపించుకుంటున్న డాక్టరుతో మాట్లాడి, అవసరమైతే అలర్జీ పరీక్షలు చేయించుకుని, పాత రిపోర్టులూ మందుల చీటీలూ వెంట తీసుకెళ్లాలి. కొత్త ఊళ్లో డాక్టరు ఎవరన్నది జబ్బు చేశాక కాదు, చేరిన వారంలోనే తెలుసుకోవాలి.

వానకు కీళ్లనొప్పులు పెరుగుతాయనే భయం చాలామందికి ఉంటుంది. 2017లో అమెరికాలో వృద్ధులు డాక్టర్ల దగ్గరికి వెళ్లిన కోటికి పైగా సందర్భాలను పరిశీలించిన పరిశోధకులకు వానకూ ఈ నొప్పులకూ సంబంధం కనిపించలేదు. 2019లో బ్రిటన్‌లో వెలువడిన మరో అధ్యయనంలో మాత్రం గాలిలో తేమ ఎక్కువగా, పీడనం తక్కువగా ఉన్న రోజుల్లో నొప్పి కొద్దిగా పెరిగినట్టు తేలింది. కాబట్టి నొప్పి ఉత్తదేనని పెద్దవాళ్లను కసరొద్దు, అదే కారణమని ప్రయాణమూ మానుకోనక్కర్లేదు.

పిల్లల విషయంలో జాగ్రత్తపడాల్సింది దోమల గురించి, నిలవనీటి గురించి. మలేరియా, డెంగీ వానలతోపాటే వస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. కాలికి గాయముంటే వరదనీటిలో నడవనివ్వకండి. జ్వరం వస్తే '‘తడిశాడుగా, జలుబే'’ అనుకుని సొంతవైద్యం చేయకండి.

నీళ్లున్న ఊళ్లోనూ...

సీమ నుంచి వెళ్లేవారికి ఒక ధీమా ఉంటుంది. ఇంకేం, నీళ్ల బాధ తీరిపోయినట్టేనని! తొందరపడొద్దు. అక్కడ పడిన వాన పొట్టి నదుల్లో పరుగెత్తి గబగబా సముద్రంలో కలిసిపోతుంది. నేత్రావతి నదిమీద తుంబె ఆనకట్ట నీళ్లే మంగళూరుకు ఆధారం. 2019 వేసవిలో ఆ నీరు అడుగంటి నగరంలో రోజుల లెక్కన వంతులవారీగా సరఫరా చేయాల్సి వచ్చింది. అందుకే ఆ ఊళ్లో కూడా ఇంట్లో బావి ఉందా, ఏప్రిల్‌లో దానిలో నీళ్లుంటాయా అని అడగాల్సిందే.

రాకపోకల గురించీ ఆలోచించుకోవాలి. వానాకాలంలో కొంకణ్ రైల్వే రైళ్ల వేగం తగ్గించి వేరే టైంటేబులు పాటిస్తుంది. సకలేశపుర దగ్గర ఘాట్ మార్గంలో 2018లోనూ, 2024లోనూ కొండచరియలు పడి రైళ్లు ఆగిపోయాయి. సొంతూళ్లో పెళ్లో, పెద్దలకు బాగోలేకపోవడమో జరిగితే ఆ నెలల్లో ప్రయాణానికి ఒకరోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇస్తే స్కూళ్లకు సెలవులిస్తుంటారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులైతే ఆ రోజు పిల్లల దగ్గర ఎవరుండాలన్నదీ ముందే అనుకోవాలి.

అందరూ ఒకేసారి వెళ్లాలా?

'‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక'’ అంటారు మన పెద్దలు. పడమటి తీరంలో రెండోదాని సంగతెలా ఉన్నా, మొదటిది దాదాపుగా క్యాలెండరు చూసి చెప్పొచ్చు. జూన్ మొదటివారంలో వస్తుంది, సెప్టెంబరు చివర్లో తగ్గుముఖం పడుతుంది. వానకు అంత కచ్చితమైన వేళ ఉన్నప్పుడు మనం కూడా దానికి తగ్గట్టు వేళ కుదుర్చుకోవచ్చు.

వీలైతే జూలైలో ఓ వారం అక్కడ ఉండి చూడాలి. వీలుకాకపోతే ఇంటాయన ముందు వెళ్లి ఒక వానాకాలం గడిపి, ఇల్లు ఎలా ఉందో చూసుకుని, దసరా సెలవుల్లో కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు. పిల్లాడి చదువు మధ్యలో ఆగుతుందనుకుంటే తల్లీ పిల్లాడూ జూన్‌లోనే వెళ్లొచ్చు. పెద్దవాళ్లు మాత్రం, చూసుకునే మనిషి తోడుంటే, వానలు వెలిశాకే కదలొచ్చు.

మన జేజి విషయంలోనూ అదే చేయొచ్చు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా స్వాములు ఊళ్లు తిరగడం మాని ఒకేచోట ఉండి చాతుర్మాస్యం చేస్తారు కదా. వానల్లో ప్రయాణాలు కష్టమనేగా ఆ నియమం! జేజి ఆ నాలుగు నెలలూ అనంతపురంలో కూతురింట్లో చాతుర్మాస్యం చేసి, మిగతా ఎనిమిది నెలలూ మంగళూరులో మనవడితో గడపొచ్చు. అక్కడ డిసెంబరులో దుమ్మూ ఉండదు, వానా ఉండదు.

అయితే ఈ నిర్ణయం కొడుకూ కోడలూ చాటున తీసుకుని ఆమెకు చెప్పేది కాకూడదు. '‘నువ్వేమంటావు జేజీ?'’ అని మనవడితో అడిగించి, ఆమె చెప్పేది వినాలి. ఇంట్లో వాన గురించి ముందుగా ఆలోచించింది ఆమే కదా!