పసిపలుకులు

మాటలు రాని వయస్సులో బోసినవ్వుతోను, మాటలు నేర్చే వయస్సులో ముద్దుపలుకులతోను శిశువు ఇంటిల్లిపాదినీ తనవైపు తిప్పుకొంటుంది. ఆ పలుకులలోని తప్పులు పెద్దలకు నవ్వు తెప్పిస్తాయి. ఆ నవ్వు సహజమే. అయితే ఆ తప్పులకు ఒక క్రమం ఉన్నదని, వాటి వెనుక ఒక ఆలోచన ఉన్నదని గుర్తించేవారు తక్కువ. వినే పెద్దల తీరునుబట్టి ఆ ఆలోచన వికసించనూవచ్చు, ముడుచుకొనిపోనూవచ్చు. అందువల్ల పసిపలుకులను వినడం కూడా నేర్చుకోదగిన విద్యే.

సాధారణంగా ఏడాది నిండే నాటికి శిశువు తొలి మాట పలుకుతుంది. రెండేళ్లు వచ్చేసరికి రెండేసి మాటలను జతచేసి చిన్న వాక్యాలు కూర్చుతుంది. నోటికి లొంగని ధ్వనుల స్థానంలో లొంగే ధ్వనులను నిలుపుకొంటుంది. ‘కాకి’ని ‘తాతి’ అని, ‘రాముడు’ను ‘లాముడు’ అని పలకడం ఇందువల్లనే. ఈ ఇబ్బందిని ఎరిగిన తెలుగు తల్లులు సులభమైన మాటలతో ఒక చిన్న నిఘంటువునే తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చారు. అందులో అన్నం ‘బువ్వ’ అవుతుంది. స్నానం ‘లాల’ అవుతుంది. నిద్ర ‘జోజో’ అవుతుంది.

మాటలు కుదిరిన తరువాత వ్యాకరణం మొదలవుతుంది. ‘బొమ్మలు’, ‘కుక్కలు’ అనే మాటలు విన్న పిల్లవాడు ఒకటికంటె ఎక్కువైతే చివర ‘లు’ చేరుతుందని గ్రహిస్తాడు. ఆ సూత్రాన్ని అన్నిటికీ వర్తింపజేసి ‘ఇల్లులు’, ‘కాలులు’, ‘పండులు’ అంటాడు. ‘ఇళ్లు’, ‘కాళ్లు’, ‘పళ్లు’ అనే రూపాలు అతనికి ఇంకా పట్టుబడలేదు. ‘ఇల్లులు’ అని పెద్దలెవ్వరూ అతనికి నేర్పలేదు. కనుక అది అనుకరణ కాదు, స్వయంగా కనుగొన్న సూత్రఫలం. అమెరికాలో జీన్ బెర్కో అనే భాషాశాస్త్రజ్ఞురాలు 1958లో ప్రకటించిన పరిశోధన ఈ విషయాన్నే నిరూపించింది. ఆమె పిల్లలకు లోకంలో లేని ఒక ప్రాణి బొమ్మను చూపి, దానికి తాను కల్పించిన పేరు చెప్పి, అవి రెండు ఉంటే ఏమంటారని అడిగింది. ఎన్నడూ వినని ఆ మాటకు కూడా పిల్లలు బహువచనం కట్టి చెప్పారు. పిల్లల మాటలను ఎంతోకాలం సేకరించిన రష్యన్ రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ కూడా రెండేళ్లు దాటిన ప్రతి శిశువూ కొంతకాలం భాషావిషయంలో మేధావియే అని భావించాడు.

పసిపిల్లలకు జాతీయాలు తెలియవు. మాటకు ఉన్న నేరు అర్థాన్నే వారు పట్టుకొంటారు. విసిగిన తల్లి “నా తల తినకురా!” అంటే, “నేను తినలేదమ్మా, ఇడ్లీ తిన్నాను” అని కొడుకు సంజాయిషీ ఇచ్చుకొంటాడు. “కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి” అని తండ్రి అంటే, “అయితే పిల్లిని మింగు నాన్నా” అని కూతురు ఉపాయం చెబుతుంది. “పళ్లు తోముకున్నావా?” అని అడిగితే, “ఏ పళ్లు? అరటిపళ్లా?” అనే ఎదురుప్రశ్న పుడుతుంది. మన భాషలో దంతాలకూ ఫలాలకూ ఒకే రూపం ఉన్నదని పెద్దలు ఏనాడో మరచిపోయారు. దానిని మళ్లీ గుర్తుచేసేది ఈ పసివాడే.

పసివారి లోకంలో ప్రాణం లేని వస్తువంటూ దాదాపు ఉండదు. కదిలే వస్తువులకు పిల్లలు ప్రాణాన్ని ఆపాదిస్తారని, చందమామ తమ వెంటే నడచి వస్తున్నాడని నమ్ముతారని స్విట్జర్లాండు మనస్తత్త్వవేత్త జీన్ పియాజే వివరించాడు. మన ఇళ్లలో పిల్లవాడు జారిపడి ఏడిస్తే నాయనమ్మ నేలను నాలుగు దెబ్బలు కొట్టి ఓదారుస్తుంది. ఆమె పియాజేను చదివి ఉండకపోవచ్చు. పసిమనస్సును మాత్రం చదివింది.

మన ప్రాచీన కవులు కూడా ఈ పలుకులను శ్రద్ధగా విన్నారు. పోతన భాగవతం దశమ స్కంధంలో, మన్ను తిన్నావేమని తల్లి నిలదీసినప్పుడు బాలకృష్ణుడు చేసే వాదం తెలుగువారికి సుపరిచితం. కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ ఏడవ అంకంలో ఇంకా సూక్ష్మమైన సన్నివేశం ఉన్నది. సింహపు పిల్లతో ఆడుకొంటున్న బాలుణ్ణి మరల్చడానికి ఒక తాపసి మట్టి నెమలిని తెచ్చి, ‘శకుంతలావణ్యం’ చూడమంటుంది. పక్షి అందాన్ని చూడమని ఆమె భావం. బాలునికి అందులో ‘శకుంతల’ అనే పేరే వినిపించింది. వెంటనే “మా అమ్మ ఏదీ?” అని వెదకుతాడు. ఆ ప్రశ్న విన్న దుష్యంతునికి బాలుని తల్లి పేరు తెలుస్తుంది. ముని శాపంతో విడిపోయిన కుటుంబం కలిసే దారిలో ఒక పసివాని పొరపాటు మెట్టుగా నిలిచింది. దుష్యంతుడు నవ్వి ఊరుకొనక, చెవియొగ్గి విన్నందువల్లనే అది సాధ్యమైంది.

ఇట్లా వినవలసిన అవసరం నేటి ఇళ్లలోనూ ఉన్నది. ఉద్యోగానికి బయలుదేరే తల్లి కొంగు పట్టుకొని నాలుగేళ్ల పిల్లవాడు, “నువ్వు ఆఫీసుకు వెళ్లకమ్మా! డబ్బులు నా కిడ్డీబ్యాంకులో ఉన్నాయి, తీసుకో” అంటాడు. ‘డబ్బుల కోసం వెళుతున్నాను’ అని ఆమె చెప్పిన మాటనే అతడు పునాదిగా చేసుకొన్నాడు. కారణం తొలగితే కార్యం తొలగుతుందనేది అతని తర్కం. ఆ తర్కంలో దోషం లేదు. లోకంలోని వెలలే అతనికి తెలియవు. “నీ చిల్లర ఎవరికి కావాలి?” అని తల్లి నవ్వేస్తే, మరునాడు పిల్లవాడు ఏడుస్తాడేమో కాని మనస్సు విప్పి మాట్లాడడు. “నీ డబ్బులు నువ్వే దాచుకో నాన్నా. నాయనమ్మ దీపం పెట్టేవేళకు వచ్చేస్తాను” అంటే అతనికి ధైర్యం కలుగుతుంది. అతని కాలమానంలో ఆరు గంటలు లేవు, దీపం పెట్టే వేళ ఉన్నది. అతడు ఇవ్వజూపింది చిల్లర కాదు, తన సర్వస్వం.

కాబట్టి పసివారి మాటకు నవ్వవచ్చు కాని వారిని నవ్వులపాలు చేయరాదు. చుట్టాల ముందు పదేపదే ఆ మాట పలికించి వినోదించడం, ప్రశ్న అడిగినప్పుడల్లా “నోరు మూసుకో” అని కసరడం, చేతికి సెల్‌ఫోను ఇచ్చి మాటను మళ్లించడం—ఇవి మూడూ ఆలోచనకు అడ్డుగోడలే. ‘ఇల్లులు’ అన్న బిడ్డను మందలించవలసిన పని లేదు. “అవును తల్లీ, ఎన్ని ఇళ్లో!” అని బదులిస్తే చాలు; సరియైన రూపం తనంతట తానే చెవిని చేరుతుంది.

ఈ ముద్దుపలుకుల కాలం కొద్దిదే. బడికి వెళ్లే నాటికి ‘తాతి’ కాకి అవుతుంది, ‘ఇల్లులు’ ఇళ్లు అవుతాయి. తప్పులు వాటంతట అవే పోతాయి. తాను చెబితే అమ్మానాన్నలు వింటారనే నమ్మకం మాత్రం ఆ వయస్సులో ఏర్పడితేనే యౌవనం దాకా నిలుస్తుంది.