వాడని సెలవు ఎక్కడికి పోతుంది?

2023 డిసెంబరు ఆఖరున నాన్న స్పిన్నింగ్ మిల్లులో పని మానేశారు. "వాడుకోని సెలవులు పోయినట్టేరా" అన్నారు. నాకు డౌటొచ్చి చట్టం చదివాను.

అప్పుడు వర్తించింది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 79వ సెక్షన్. పనిచేసిన ప్రతి 20 రోజులకు జీతంతో ఒక సెలవు. నాన్న ఆ ఏడాది 280 రోజులు చేశారు, అంటే 14 సెలవులు. రోజుకి 600 చొప్పున 8,400 రూపాయలు. ఓవర్‌టైమ్, బోనస్ ఈ లెక్కలోకి రావు. మనమే మానేసినా, వాళ్లు తీసేసినా, రెండో పనిదినం ముగిసేలోపు ఇచ్చెయ్యాలి. 2020 నాటి కొత్త కోడ్‌లోనూ 20కి ఒకటే లెక్క.

అర్జీ నేనే రాశాను. నాన్న మొహమాటపడుతూనే వెళ్లి అడిగారు. ఆ డబ్బుతోనే నా ఇంటర్ ఫీజు కట్టాం. అడగకపోతే నిజంగానే పోయేవి.

మీ ఇంట్లో ఎవరైనా పని మానేస్తుంటే, ముందు మిగిలిన సెలవులు లెక్కపెట్టండి.