దింపుడు కళ్లం దాకా... ప్లేఆఫ్ ఆశ!

ఐపీఎల్ మొదలైతే చాలు... పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలోని టీకొట్లన్నీ లెక్కల తరగతులైపోతాయి. 'మనోళ్లు ప్లేఆఫ్‌కి వెళ్తారా?' అంటూ మొదలయ్యే వాదన కాస్తా, అసలు ఆ మాటకి అర్థమేంటన్న దగ్గరికి చేరుతుంది. అక్కడినుంచే అసలు ఆట!

మే నెల. జీడితోటల్లో పిక్కలు ఏరే పని చివరికొస్తుంటుంది. పొద్దుగూకేసరికి కాశీబుగ్గలో టీకొట్ల ముందు జనం పోగవుతారు. అందరి కళ్లూ సెల్‌ఫోన్ మీదే.

'ఏటి బావా, మనోళ్లకి ఇంకా సాన్సుందా?'

'ఎందుకు లేదూ! మనం మూడూ నెగ్గాల, ఆళ్లు రెండోడాల, మద్దిలో వాన పడకూడదు.'

సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమానులకు ఈ మూడో షరతు మరీ చేదు. 2025 మే 5న హైదరాబాద్‌లో ఢిల్లీని 133 పరుగులకే కట్టడి చేశాక వాన కురిసింది. ఆట రద్దయింది. దాంతోపాటే ప్లేఆఫ్ దారీ మూసుకుపోయింది.

స్విచ్చాఫ్ కాదు... ప్లేఆఫ్!

'ఆఫ్ అంటే ఆపెయ్యడం కదా, మరి ఆడించడాన్ని ప్లేఆఫ్ అంటారేటి?' ఇలాంటి ప్రశ్న ఒక్కటి పడితే చాలు, స్కోరు పక్కకెళ్లిపోతుంది. సమానంగా నిలిచినవారి మధ్య ఎవరు మిన్నో తేల్చేందుకు ఆడించే ఆటే ప్లేఆఫ్. తర్వాత్తర్వాత లీగ్ దశ దాటాక జరిగే పోటీలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది. ఐపీఎల్‌లో మొదటి మూడేళ్లూ సెమీఫైనల్సే ఉండేవి. 2011 నుంచి ప్లేఆఫ్స్ వచ్చాయి. మొదటి రెండు స్థానాల్లో ఉన్న జట్లు ఆడేది క్వాలిఫయర్. అందులో ఓడినా మరో అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాలవాళ్లు ఆడేది ఎలిమినేటర్. ఓడితే నేరుగా ఇంటికే. ఆ గండం గట్టెక్కి కప్పు కొట్టిన మొదటి జట్టు మన సన్‌రైజర్సే. 2016లో మూడో స్థానంలో ఉండి, ఎలిమినేటర్‌లో కోల్‌కతాని, రెండో క్వాలిఫయర్‌లో గుజరాత్ లయన్స్‌ని, ఫైనల్లో బెంగళూరుని ఓడించింది.

ఫుట్‌బాల్ అభిమానులదీ ఇదే కథ. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ పట్టికలో రెండో స్థానంలోనే ఉంది. అయితేనేం, ప్లేఆఫ్స్ దాటి, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి విజేత అయింది.

నెట్టంటే వలా, నికరమా?

ఇక 'నెట్ రన్ రేట్' దగ్గర ఊరికో అర్థం. బారువ, భావనపాడు వైపు తీరం కుర్రాళ్లకు నెట్టంటే వల. పలాస జీడిపప్పు వ్యాపారంలో నెట్టంటే సంచి బరువు తీసేయగా మిగిలే నికర బరువు. క్రికెట్‌కు సరిపోయేది రెండోదే. ఓవరుకు చేసిన పరుగుల్లోంచి ఓవరుకు ఇచ్చిన పరుగులు తీసేస్తే మిగిలే నికరమన్నమాట. 20 ఓవర్లలో 180 కొట్టి 160 ఇస్తే రేటు 1. ముందే ఆలౌటైనా లెక్కలో 20 ఓవర్లూ ఆడినట్టే!

ఆ నికరం విలువేంటో 2024 మే 18న తెలిసింది. చెన్నై ముందు బెంగళూరు 219 పరుగుల లక్ష్యం పెట్టింది. చెన్నై ఓడినా సరే, 201 చేస్తే ముందుకెళ్లేది. 191 దగ్గర ఆగిపోయింది. రెండు జట్లకూ 14 పాయింట్లే. రేటు మాత్రం 0.459, 0.392. దశాంశం పక్కనున్న అంకె ఒక జట్టును ఇంటికి పంపేసింది.

మన దగ్గర ఆ మాట వేరు

మర్నాడు పేపర్లో శీర్షిక 'ప్లేఆఫ్ ఆశలు గల్లంతు' అని వస్తుంది. మరోచోట చదివితే అదొక మాట, అంతే. వేటకెళ్లిన పడవ తిరిగిరాకపోతే 'గల్లంతు' అని రాస్తారని తెలిసిన తీరంలో మాత్రం ఆ మాట గొంతులో అడ్డం పడుతుంది.

'టిట్లి' కూడా అలాంటిదే. పాకిస్థాన్ సూచించిన ఆ పేరుకి అర్థం సీతాకోకచిలుక. 2018 అక్టోబరు 11న ఆ పేరుతో వచ్చిన తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని వేళ్లతో పెకలించేసింది. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. ఆ వనమే నేలకొరిగింది.

దశాంశాల లెక్క కూడా ఇక్కడివారికి క్రికెట్ నేర్పింది కాదు. ఉద్దానంలో చదువురాని పెద్దవాళ్ల నోటా పలికే ఇంగ్లిషు మాట క్రియాటినిన్. 0.9 అంటే నిశ్చింత. 1.5 అంటే దిగులు. 5 దాటిందంటే డయాలసిస్ భయం. అక్కడ అంకె పెరిగితే చప్పట్లు, ఇక్కడ పెరిగితే ఇల్లంతా నిశ్శబ్దం. ఓడిన మ్యాచ్‌కి టీకొట్టులో వంద కారణాలు చెబుతారు. ఈ కిడ్నీ జబ్బుకి మాత్రం నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, వంశపారంపర్యం... అని ఎన్నో అనుమానాలే తప్ప, ఇదీ కారణమని పరిశోధకులు ఇంతవరకు తేల్చలేకపోయారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరిచ్చే పథకమూ ఆరోజే మొదలైంది.

చెవిలో పిలుపు

జట్టుకి లెక్కలో తప్ప దారి లేనప్పుడు 'ఇదంతా దింపుడు కళ్లం ఆశ' అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ మాటకి అర్థం తెలియని కుర్రాళ్లు అడిగితే పెద్దవాళ్లు విడమరుస్తారు. శ్మశానానికి తీసుకెళుతూ దారిలో పాడెని ఒకచోట దించుతారు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఊపిరి మిగిలి ఉందేమో, పలుకుతాడేమోనని. తెలిసీ వదులుకోలేని ఆశ అది. ఆ అర్థం చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడరు. అలా పిలిచిన ఇళ్లు ఉద్దానంలో తక్కువేం కాదు.

ఆ మౌనాన్ని మళ్లీ క్రికెట్టే విడగొడుతుంది. 2008లో డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటేడాదే దక్షిణాఫ్రికాలో కప్పెత్తింది. అది గుర్తుచేసుకుని టీగ్లాసు కిందపెట్టి లేస్తూ అంటారు...

'వచ్చే ఏడు సూద్దాం బావా!'

టిట్లికి కూలిన చెట్ల చోట మళ్లీ కొబ్బరి మొక్క నాటిన రైతు అనుకున్నదీ అదే!